పోలీసు చర్యలో ఫిరంగి, పోలీసుల చేతిలో మోర్టారు

2024 డిసెంబర్ 12న అబూజ్‌మడ్ అడవుల్లో, నారాయణపూర్, దంతెవాడ జిల్లాల సరిహద్దున, ఎన్‌కౌంటర్ జరిగింది. ఏడుగురు మావోయిస్టులు మరణించారని పోలీసులు ప్రకటించారు. మృతుల్లో పలువురు సాధారణ గ్రామస్థులేనని ఊరివాళ్లు ఆ ప్రకటనను ఖండించారు. బస్తర్ వార్తలను అనుసరించేవారికి ఈ రెండు మాటలూ కొత్తవి కావు. కొద్దిరోజుల తరువాత మూడో సంగతి బయటపడింది. ఆనాడు నలుగురు పిల్లలు కూడా గాయపడ్డారు. మెడలో లోహపు ముక్క ఇరుక్కున్న ఒక బాలికను రాయపూర్ ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. పిల్లలకు తగిలినవి మావోయిస్టులు పేల్చిన బీజీఎల్ షెల్లు తునకలని పోలీసులు చెప్పారు. గ్రామస్థులు భద్రతా దళాల వైపు వేలు చూపారు.

ఎవరి మాట నిజమన్నది స్వతంత్ర విచారణ తేల్చవలసిన విషయం. అయితే పోలీసుల ప్రకటనను ఉన్నదున్నట్టు స్వీకరించినా అందులో ఒక అంగీకారం ఉంది. బస్తర్ అడవిలో తూటాలతో పాటు షెల్లులు కూడా ఎగురుతున్నాయి. తూటా ఒక మనిషిని గురిచూస్తుంది. షెల్లు ఒక స్థలాన్ని గురిచూస్తుంది. ఆ స్థలంలో ఉన్నది సాయుధుడా, వంటచెరకు ఏరుకుంటున్న ముసలమ్మా, బడి లేని ఊరి పిల్లవాడా అన్నది దానికి పట్టదు.

ఈ సందర్భంలో తెలుగువారికి ఒక పాత మాట గుర్తుకు రావాలి. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం ట్యాంకులతో, ఫిరంగులతో హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ సైనిక చర్యకు ప్రభుత్వం పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. ఇప్పుడు బస్తర్‌లో పోలీసు, పారామిలటరీ బలగాల చేతుల్లో ఒకనాటి పదాతి సైన్యపు ఆయుధాలు ఉన్నాయి. దాని పేరు ‘శాంతిభద్రతల పరిరక్షణ’. ఆనాడు సైన్యం చేసిన పనిని పోలీసు పని అన్నారు. ఈనాడు పోలీసులు చేస్తున్న పనిని సైనిక చర్య అనడానికి ఒప్పుకోవడం లేదు. రెండు సందర్భాల్లోనూ పేరు చేసిన ఉపకారం ఒక్కటే. యుద్ధానికి వర్తించే ప్రశ్నలు అడగకుండా అది అడ్డుపడింది. భారత సైన్యపు ఫిరంగుల చరిత్రను బస్తర్ వైపు నుంచి చదివితే ముందుగా కనిపించేది ఈ పేరు మాటున దాగిన బాధ్యతే.

గోలందాజుల వారసత్వం

మన దేశంలో ఫిరంగి ఎప్పుడూ పాలకుడి సొత్తే. కత్తి, బరిసె, విల్లు, చివరికి నాటు తుపాకి కూడా ప్రజల చేతుల్లో ఉండవచ్చు. ఫిరంగికి మాత్రం మణుగుల కొద్దీ లోహం, పోతపోసే కార్ఖానా, లాగే ఎడ్లు, నడిచే బాట కావాలి. ఇవన్నీ సమకూర్చుకోగలిగినది రాజ్యం ఒక్కటే. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యపు ఫిరంగి ఇప్పటికీ ఆ కోటలో ఉంది. కోట కొల్లగొట్టినవాడి గుర్తు కోటలోనే మిగిలింది.

నేటి భారత శతఘ్నిదళం తన పుట్టినరోజుగా జరుపుకొనేది సెప్టెంబర్ 28. 1827లో ఆ రోజున బొంబాయి సైన్యంలో గోలందాజుల దళం ఒకటి ఏర్పడింది. తరువాతి కాలంలో అదే 5 (బొంబాయి) మౌంటెన్ బ్యాటరీ అయింది. ఈ వరుసలో అసలు మలుపు 1857. సిపాయిల చేతికి ఫిరంగి చిక్కితే ఏమవుతుందో ఢిల్లీలో, లక్నోలో చూసిన ఆంగ్లేయులు, తిరుగుబాటు అణిగాక భారతీయులను శతఘ్నిదళం నుంచి దాదాపు పూర్తిగా తొలగించారు. కొండప్రాంతాల్లో వాడే చిన్న మౌంటెన్ బ్యాటరీలను మాత్రం మినహాయించారు. తుపాకి ఇవ్వవచ్చు, ఫిరంగి ఇవ్వరాదు అన్నది వలస రాజ్యపు నమ్మకానికి హద్దు. 1935 జనవరి 15న బెంగళూరులో తొలి భారతీయ ఫీల్డ్ ఆర్టిలరీ బ్రిగేడ్ ఏర్పడేదాకా, అంటే 78 ఏళ్లపాటు, ఆ హద్దు కొనసాగింది.

అదే కాలంలో బస్తర్ ఆంగ్లేయులతో తలపడుతూనే ఉంది. ఓరుగల్లు కాకతీయుల వారసులమని చెప్పుకొన్న రాజవంశం పాలించిన ఆ సంస్థానంలో, 1825లో పరల్‌కోట్ జమీందారు గేంద్‌సింగ్‌ను ఆయన కోట ముందే ఉరితీశారు. 1910 ఫిబ్రవరిలో భూంకాల్ తిరుగుబాటు లేచింది. అడవులను రిజర్వులుగా మార్చడం, వెట్టి, బయటివారి పెత్తనం దానికి కారణాలు. మామిడి కొమ్మలు, ఎండుమిరపకాయలు ఊరూరా తిరిగి తిరుగుబాటుకు పిలుపు చేరవేశాయి. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు ఆ పోరాటానికి గుర్తుగా నిలిచింది. విల్లుకూ తుపాకికీ మధ్య జరిగిన ఆ పోరు ఎలా ముగిసిందో వేరే చెప్పనక్కరలేదు. గుండాధూర్ మాత్రం చివరిదాకా పట్టుబడలేదు.

దేశం వెలుపలికి తిరిగిన ఫిరంగి

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన సైన్యానికి దక్కినవి ఇరవై ఐదు పౌండ్ల ఫీల్డ్ గన్నులు, 3.7 అంగుళాల కొండ హోవిట్జర్లు. కశ్మీర్ తొలి యుద్ధం వాటితోనే జరిగింది. 1962 పరాజయం తరువాత సైన్యం విస్తరించింది. గోల్కొండ పరిసరాల్లోని హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్ కూడా ఆ ఏడాదిదే. ఆనాటి నుంచి ఎన్నో తరాల గన్నర్లు అక్కడే పాఠం నేర్చుకున్నారు. సోవియట్ యూనియన్ నుంచి 130 మి.మీ. ఫిరంగులు వచ్చాయి. దేశంలోనే 105 మి.మీ. ఇండియన్ ఫీల్డ్ గన్ తయారైంది. 1986 మార్చి 24న స్వీడన్ సంస్థ బోఫోర్స్‌తో 410 హోవిట్జర్ల కోసం 1,437 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది.

బోఫోర్స్ కథ రాజకీయ పాఠకులకు కంఠోపాఠం. ముడుపుల ఆరోపణలు, సంయుక్త పార్లమెంటరీ కమిటీ, 1989 ఎన్నికలు, రాజీవ్ గాంధీ ఓటమి. ఆ భయం ఎంతగా వెంటాడిందంటే, 2018 నవంబర్‌లో అమెరికా ఎం-777, కొరియా మూలానికి చెందిన కె-9 వజ్ర చేరేదాకా, మూడు దశాబ్దాలపాటు సైన్యానికి కొత్త 155 మి.మీ. ఫిరంగి దక్కలేదు. 1999లో కార్గిల్ కొండల మీద మాత్రం అదే బోఫోర్స్ తన పని చూపింది. ఆ యుద్ధంలో మన శతఘ్నిదళం రెండున్నర లక్షలకు పైగా షెల్లులు, రాకెట్లు, మోర్టారు బాంబులు పేల్చింది. దాదాపు 300 గన్నులు, మోర్టార్లు, రాకెట్ లాంచర్ల నుంచి రోజుకు సగటున ఐదు వేలు. టైగర్ హిల్ తిరిగి చేజిక్కిన రోజున తొమ్మిది వేలు.

ఈ లెక్కలు దాచినవి కావు. సైన్యమే సగర్వంగా చెప్పుకొన్నవి. సరిహద్దు యుద్ధంలో ఎన్ని షెల్లులు పేల్చామో చెప్పడానికి రాజ్యానికి సంకోచం లేదు, ఎందుకంటే అక్కడ ఫిరంగి మూతి బయటికి తిరిగి ఉంది. సొంత పౌరుల మీద భారీ ఆయుధం వాడబోమన్నది రాజ్యాంగంలో అక్షరాల్లో రాసి లేకపోయినా, గణతంత్రానికి ఊపిరి వంటి ఒడంబడిక.

ఆ ఒడంబడిక తప్పిన సందర్భాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో నిజాం సేనలు, రజాకార్లు లొంగిన తరువాత అదే సైన్యం తెలంగాణ రైతాంగ పోరాటం మీదికి మళ్లింది. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాట విరమణ ప్రకటించేదాకా పల్లెల్లో దాడులు సాగాయి. 1984 జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయ ప్రాంగణంలో విజయంత ట్యాంకులు అకాల్ తఖ్త్ మీద 105 మి.మీ. గుండ్లు పేల్చాయి. దాని ఫలితాలు ఆ ఏడాది అక్టోబర్ 31తోనూ ఆగలేదు.

ఈ వరుసలో 1966 మార్చి మరీ ప్రత్యేకం. మార్చి 5న మిజోరాం రాజధాని ఐజోల్ మీద భారత వైమానిక దళ విమానాలు దాడి చేశాయి. స్వతంత్ర భారతదేశంలో సొంత పట్టణం మీద విమానాలతో బాంబులు వేసిన ఘటన అది. మనుషులను, సరుకులను దించడానికే విమానాలు వెళ్లాయన్నది అప్పటి ప్రభుత్వ వివరణ. సరిగ్గా ఇరవై రోజులకు, మార్చి 25న, జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులు జరిగాయి. బస్తర్ ఆదివాసులు దైవంగా కొలిచిన ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయన వెంట ఉన్న ఆదివాసులు పలువురు ఆ కాల్పుల్లో మరణించారు. ఇందిరాగాంధీ ప్రధాని అయి రెండు నెలలు. ఒకే నెలలో, దేశం రెండు అంచుల్లో, ఒక చోట విమానం, ఒక చోట పోలీసు రైఫిల్. ఐజోల్ సరిహద్దు కాబట్టి అక్కడ యుద్ధం అన్నారు. బస్తర్ దేశం నడిబొడ్డు కాబట్టి ఇక్కడ శాంతిభద్రతలు అన్నారు. చనిపోయినవారికి ఈ తేడా ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

మోర్టారు ప్రయాణం

మోర్టారు ఫిరంగికి చిన్న తమ్ముడు. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో, 1915లో విల్‌ఫ్రెడ్ స్టోక్స్ రూపొందించిన నమూనా నుంచే నేటి మోర్టార్లన్నీ పుట్టాయి. నున్నని గొట్టం, కింద పలక, ముందు రెండు కాళ్లు. బాంబును మూతిలోంచి జారవిడిస్తే అడుగున ఉన్న సూదికి తగిలి పేలి, నిట్టనిలువుగా లేచి, గుట్ట అవతల, చెట్ల వెనుక, కందకంలో పడుతుంది. పేల్చేవాడు లక్ష్యాన్ని కంటితో చూడనక్కరలేదు. దూరం, కోణం తెలిస్తే చాలు. సైన్యంలో 120 మి.మీ. మోర్టారు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 81 మి.మీ. మోర్టారు ఐదు కిలోమీటర్లు కొడుతుంది. వీటన్నిటిలో చిన్నది, ఒక మనిషి మోసుకెళ్లగలిగినది, పాత రెండంగుళాల మోర్టారు. దాని తరువాతి రూపమే 51 మి.మీ. మోర్టారు.

సైన్యం నుంచి పారామిలటరీకి, అక్కడి నుంచి బస్తర్ అడవికి నడిచి వచ్చినది ఈ చిన్న మోర్టారే. 2009లో మావోయిస్టుల మీద విస్తృత చర్య మొదలైనప్పుడు సైన్యాన్ని దించాలా వద్దా అన్న చర్చ ఢిల్లీలో గట్టిగానే సాగింది. సైన్యాన్ని, వైమానిక దళాన్ని దాడికి వాడబోమని ప్రభుత్వం నిర్ణయించింది. హెలికాప్టర్ల మీద కాల్పులు జరిగితే ఆత్మరక్షణకు ఎదురు కాల్పులు జరపడానికి మాత్రం అనుమతి లభించింది. ఆ నిర్ణయం మంచిదే. సొంత ప్రజల మీదికి సైన్యాన్ని పంపకూడదన్న సూత్రం దానితో నిలిచింది. కానీ సూత్రం సైన్యం అనే సంస్థకు పరిమితమైంది. సైన్యం వాడే ఆయుధాలకు వర్తించలేదు. సీఆర్పీఎఫ్ బెటాలియన్లు మోర్టార్లతో, రైఫిల్ గొట్టం కింద బిగించే 40 మి.మీ. గ్రెనేడ్ లాంచర్లతో అడవిలోకి వెళ్లాయి. తలుపు దగ్గర సైన్యాన్ని ఆపి, కిటికీలోంచి దాని ఆయుధాన్ని లోపలికి తెచ్చుకున్నట్టయింది.

2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు మరణించారు. మావోయిస్టులు ఎత్తుకుపోయిన ఆయుధాల్లో ఏకే-47లు, ఇన్సాస్ రైఫిళ్లు, గ్రెనేడ్ లాంచర్లతో పాటు రెండంగుళాల మోర్టారు కూడా ఉంది. రాజ్యం అడవిలోకి తెచ్చిన ఆయుధం ఒక్క ఉదయంలో చేతులు మారింది.

మావోయిస్టులు అంతకు ముందే ఈ దారిలో ఉన్నారు. 2006 సెప్టెంబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ పోలీసులు మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో వందలాది రాకెట్ షెల్లులను, లాంచర్లను పట్టుకున్నారు. ఆరా తీస్తే వాటి విడిభాగాలు చెన్నై శివార్లలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో తయారైనట్టు తేలింది. ఏవో యంత్రాల భాగాలనుకొని చిన్న వర్క్‌షాపులు వాటిని చేసి ఇచ్చాయి, మామూలు పార్సిళ్లలా అవి ప్రయాణించాయి. ఆ దారి మూతపడ్డాక తయారీ అడవిలోకే మారింది. అక్కడ రూపుదిద్దుకున్నదే బ్యారెల్ గ్రెనేడ్ లాంచర్, బీజీఎల్. మార్పులు చేసిన తుపాకి గొట్టం, అడవి కొలిమిలో పోతపోసిన షెల్లు. గురి తక్కువ, కొన్ని పేలవు, కొన్ని పేలకూడని చోట పేలుతాయి. అయినా 2021 ఏప్రిల్ 3న టేకులగూడ, జొన్నగూడ గ్రామాల దగ్గర 22 మంది జవాన్లు మరణించిన దాడిలో అవి ప్రధాన పాత్ర వహించాయి.

2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా తెలంగాణ సరిహద్దున కర్రెగుట్టల మీద సాగిన చర్యలో మావోయిస్టుల నాలుగు ఆయుధ తయారీ కేంద్రాలను ధ్వంసం చేశామని, 450 ఐఈడీలను, 818 బీజీఎల్ షెల్లులను స్వాధీనం చేసుకున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తరువాత పది రోజులకు, మే 21న, అబూజ్‌మడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు మరణించాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి వరంగల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన కేశవరావు ఆ పార్టీ సైనిక విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపిన మనిషి. మరోవైపు, బస్తర్ బలగాలకు అడవి యుద్ధంలో ఆదర్శంగా నిలిచినది 1989లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన గ్రేహౌండ్స్. గోదావరి దాటి వెళ్లిన తెలుగు చదువు, తెలుగు నైపుణ్యం ఆ అడవిలో రెండు వైపులా ఉన్నాయి. మధ్యలో ఉన్నది గోండి, దోర్లీ, హల్బీ మాట్లాడే ఊళ్లు. కాబట్టి బస్తర్ ఎవరిదో పొరుగింటి వ్యవహారమని మనం అనుకోవడానికి వీల్లేదు.

బీజీఎల్ విషయంలో మావోయిస్టులను తప్పించడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ పడుతుందో పేల్చినవాడికే రూఢిగా తెలియని షెల్లును ఊరి అంచున నిలబడి పేల్చేవారు, ఆ ఊరి ప్రజల పేరు మీద మాట్లాడే హక్కును కోల్పోతారు. కానీ ఒక తేడాను మరచిపోరాదు. మావోయిస్టు తనకు రాజ్యాంగం వర్తించదంటాడు. రాజ్యం ఉన్నదే రాజ్యాంగం వల్ల. 2011 జూలై 5న సల్వాజుడుం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇదే. హింసను అణచడానికైనా రాజ్యం రాజ్యాంగం గీసిన గీత దాటరాదు.

నేతర్‌హాట్ చెప్పిన పాఠం

ఇప్పుడు బస్తర్ ముందు ఫిరంగి మరో రూపంలో నిలిచింది. 2011లోనే సైన్యం శిక్షణ పేరుతో కొండగావ్, నారాయణపూర్ ప్రాంతాలకు కొన్ని దళాలను పంపింది. శిక్షణలో ఉన్న సైన్యం మీద దాడి జరిగితే ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. 2024 ఆగస్టులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ పాత ప్రతిపాదనను తిరిగి కదిలించింది. నారాయణపూర్ జిల్లా ఓర్ఛా తహసీలులోని సోన్‌పూర్, గార్పా ప్రాంతంలో సైన్యపు మనూవర్ రేంజ్ కోసం దాదాపు 54 వేల హెక్టార్ల భూమి ఇచ్చే ప్రక్రియ మొదలుపెట్టింది. అంటే సుమారు 540 చదరపు కిలోమీటర్లు. అబూజ్‌మడ్ మొత్తం విస్తీర్ణం నాలుగు వేల చదరపు కిలోమీటర్లనుకుంటే అందులో ఎనిమిదో వంతుకు దగ్గర.

సైన్యానికి శిక్షణ స్థలం కావాలి. దీన్ని కాదనేవారు లేరు. నలభై కిలోమీటర్లు కొట్టే ఫిరంగికి నాలుగు కిలోమీటర్ల మైదానం చాలదు, నగరాలు పెరిగి పాత ఫైరింగ్ రేంజిలను మింగేశాయి. కానీ ఆదివాసి భూమి మీద ఫిరంగి సాధన ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే జార్ఖండ్‌లోని నేతర్‌హాట్‌కు వెళ్లాలి. లాతేహార్, గుమ్లా జిల్లాల పీఠభూమి మీద 1964 నుంచి 1994 దాకా సైన్యం అక్కడ ఫిరంగి సాధన చేసింది. 1990ల ఆరంభంలో ప్రకటించిన విస్తరణ 245 గ్రామాలను, 1,471 చదరపు కిలోమీటర్లను చుట్టేసింది. ఫైరింగ్ రోజుల్లో జనం పిల్లలను, పశువులను తోలుకొని ఊరు వదిలి పోవాలి, పేలుళ్లు ఆగాక తిరిగి రావాలి. 1994 మార్చిలో వేలమంది ఆదివాసులు దారికి అడ్డంగా కూర్చొని సైనిక వాహనాలను వెనక్కి పంపారు. నాటి నుంచి ఏటా మార్చి 22, 23 తేదీల్లో టుటువాపానీ దగ్గర జనం గుమికూడుతూ వచ్చారు. 28 ఏళ్ల తరువాత, 2022 ఆగస్టులో, ఫైరింగ్ రేంజ్ నోటిఫికేషన్‌ను ఇక పొడిగించబోమని జార్ఖండ్ ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ ఒక్క తుపాకి ఎత్తకుండా ఫిరంగిని ఆపారు. అడవిలో ఆయుధమే దారి అనేవారికీ, ఆదివాసి నిరసన అంటేనే అనుమానపడేవారికీ ఆ 28 ఏళ్లు జవాబు చెబుతాయి.

నేతర్‌హాట్ నోటిఫికేషన్లకు ఆధారమైన చట్టం 1938 నాటిది. సైనిక విన్యాసాలు, ఫీల్డ్ ఫైరింగ్, ఆర్టిలరీ ప్రాక్టీసు కోసం వలస ప్రభుత్వం చేసిన ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. జరిగిన నష్టానికి రెవెన్యూ అధికారి లెక్కకట్టి పరిహారం ఇస్తాడు. ఊరి సమ్మతి అన్న ఊసు అందులో లేదు. ఐదో షెడ్యూలు, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం దాని తరువాత పుట్టాయి. వాటి వెలుగులో ఈ చట్టాన్ని తిరిగి చదివే పనిని ఏ ప్రభుత్వమూ చేయలేదు.

అబూజ్‌మడ్‌లో చిక్కు ఇంకా లోతైనది. ఆ ప్రాంతానికి పూర్తి రెవెన్యూ సర్వే ఎన్నడూ జరగలేదు. పొలం ఎవరిదో ఊరికి తెలుసు, కాగితానికి తెలియదు. కాగితం లేని భూమి అంతా ప్రభుత్వ లెక్కలో ప్రభుత్వ భూమే. 54 వేల హెక్టార్ల మీద ఎవరి పేరూ లేదని రాసుకోవడం కలెక్టరేటులో పది నిమిషాల పని. తరతరాలుగా అక్కడ పెందా సేద్యం చేసుకుంటున్న మాడియా కుటుంబానికి అది జీవితకాలపు నష్టం. పరిహారం పట్టాదారుకు దక్కుతుంది. పట్టాయే లేనివాడికి ఎవరు లెక్కకడతారు? ఆ రేంజ్‌లో ఏ ఆయుధాలు పేలుస్తారు, ఏడాదికి ఎన్ని రోజులు, పేలని గుండ్లను ఎవరు ఏరుతారు? భూమి బదలాయింపు కన్నా ముందు ఈ మూడింటికీ గ్రామసభల ముందు గోండిలో జవాబు చెప్పాలి.

మిగిలిపోయిన ఇనుము

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు ప్రకటించారు. గడువు మనుషుల లెక్కకు పనికివస్తుంది. ఇనుముకు గడువు తెలియదు. 2024 మే నెలలో బీజాపూర్ జిల్లా బోడ్గా గ్రామ పరిసరాల్లో తునికాకు సేకరణ కాలంలో ఇద్దరు పిల్లలు పేలుడు వస్తువును తాకి మరణించారు. అది మావోయిస్టులు అమర్చిన ఐఈడీ అని పోలీసులు చెప్పారు. పేలకుండా మిగిలిన షెల్లు అన్నది హక్కుల కార్యకర్తల వాదన. ఎవరిదైనా, ఆ వస్తువు ఆ నేలలో ఉండడం ఆ పిల్లల తప్పు కాదు. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు ఏరుకోవడానికి అడవిలోకి వెళ్లక తప్పని ప్రజలకు అడవి నేల మీద ప్రతి అడుగూ ఒక పందెమే.

దీనికి మార్గం లేకపోలేదు. యుద్ధానంతరం మిగిలిపోయే పేలుడు అవశేషాల మీద 2003లో కుదిరిన అంతర్జాతీయ ప్రోటోకాల్‌ను భారతదేశం 2005లోనే ఆమోదించింది. ఎక్కడ, ఎన్ని పేలుడు ఆయుధాలు వాడారో వీలైనంత మేర నమోదు చేసి ఉంచాలి. పోరు ముగిశాక ప్రమాద స్థలాలను గుర్తించి, ప్రజలను హెచ్చరించి, శుభ్రం చేయాలి. దేశాల మధ్య యుద్ధాలతో పాటు దేశం లోపలి సాయుధ ఘర్షణలను కూడా దృష్టిలో పెట్టుకొని రాసుకున్న ఒప్పందం అది. కానీ బస్తర్‌లో సాయుధ ఘర్షణ ఉన్నదని ప్రభుత్వం ఒప్పుకోదు. శాంతిభద్రతల సమస్యలో యుద్ధ అవశేషాలు ఎలా ఉంటాయి? మళ్లీ పేరు దగ్గరికే వచ్చాం. 1948లో ‘పోలీసు చర్య’ అన్నందువల్ల హైదరాబాద్‌లో జరిగిన ప్రాణనష్టం మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. బస్తర్‌లో పేలిన షెల్లుల లెక్కకు కూడా అదే గతి పట్టకూడదు.

కార్గిల్‌లో ఒక్క రోజున తొమ్మిది వేల షెల్లులు పేల్చామని చెప్పగలిగిన రాజ్యం, బస్తర్‌లో గత పదిహేనేళ్లలో ఎన్ని మోర్టారు బాంబులు, ఎన్ని గ్రెనేడ్ షెల్లులు వాడిందో కూడా చెప్పగలదు. ఆయుధాగారంలో ప్రతి గుండుకూ పద్దు ఉంటుంది. జారీ చేసినవి ఎన్ని, పేల్చినవి ఎన్ని, తిరిగి అప్పగించినవి ఎన్ని అని రాసుకోని దళం ఉండదు. ఆ పద్దును జిల్లాలవారీగా పార్లమెంటు ముందు పెట్టాలి. మావోయిస్టుల షెల్లులతో సహా పేలని ప్రతి వస్తువునూ ఏరివేసే పనికి సైన్యపు ఇంజనీర్లను పిలవాలి. బస్తర్‌లో సైన్యం చేయవలసిన మొదటి పని ఏదైనా ఉంటే అది ఇదే. గాయపడినవారికి, ఎవరి షెల్లు వల్ల గాయపడ్డారన్న వాదన తేలేదాకా ఆగకుండా, వైద్యం, పరిహారం అందించాలి.

ఒక ఫిరంగి కొనుగోలులో ముడుపులు ఎవరికి ముట్టాయని ఈ దేశం ఒక ప్రభుత్వాన్నే దించేసింది. అది మన ప్రజాస్వామ్యపు ఘనతే. గుండు ధర ఎంత అని నిలదీసిన పార్లమెంటు, ఆ గుండు ఎక్కడ పడింది అని మాత్రం ఇంతవరకు అడగలేదు. మెడలో ఇనుప ముక్కతో అబూజ్‌మడ్ నుంచి రాయపూర్ దాకా వెళ్లిన ఆ బాలిక తరఫున అడగవలసిన ప్రశ్న అదొక్కటే.